ఇంటి దగ్గరే జీపు పని: తక్కువ ఖర్చులో ఏ పనిముట్లు, ఏ వరసలో కొనాలి

ఆన్‌లైన్‌లో '108 పనిముట్ల పెట్టె' అని తళతళా మెరిసేది ఒకటి కనిపిస్తుంది. ధర చూస్తే చవకే. తెరిచి చూస్తే సగానికి పైగా మన బండికి జన్మలో పనికిరాని బిట్లు. థార్ అయినా, జిమ్నీ అయినా, బొలెరో అయినా, పాత మేజర్ జీపైనా, ఇంటి దగ్గర మనం చేసుకోగలిగిన పనులకు కావలసిన సామానంతా ఒక గోనెసంచిలో పట్టేస్తుంది. ఏది ముందు కొనాలన్నది మాత్రం మీరు తిరిగే నేలను బట్టి ఉంటుంది. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతమే తీసుకుంటే, మైపాడు, కొత్తపట్నం తీరం వైపు వెళ్లే బండిని ఉప్పు తినేస్తుంది. చీమకుర్తి క్వారీ దారుల్లో తిరిగే బండి దుమ్ము మింగుతుంది. ఉదయగిరి, భైరవకోన వైపు రాళ్లదారుల్లో క్రాసులు (ఇంజన్ తిప్పుడును చక్రాలకు చేర్చే షాఫ్ట్ జాయింట్లు), కమాను బుష్‌లు ముందు పోతాయి. పెన్నాలో ఇసుక, కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు, ఇలా ఒక్కో చోట ఒక్కో తలనొప్పి.

డబ్బు విషయంలో నా లెక్క చిన్నది. బరువు మోసే సామాను, నట్టును పట్టుకునే సామాను మంచివే కొనాలి. వీటిలో కక్కుర్తి పడితే ఒకటి ప్రాణం తీస్తుంది, రెండోది నట్టు తల అరగదీస్తుంది. మిగతావన్నీ చవకవి కొన్నా, ఇంట్లోనే తయారు చేసుకున్నా, పక్కింటి ట్రాక్టరు వాళ్లను అడిగి తెచ్చుకున్నా పనైపోతుంది.

బండిని ఎత్తేవి, నిలబెట్టేవి

కంపెనీ ఇచ్చిన జాకీ దారిలో టైరు మార్చుకోవడానికి. ఇంటి పనికి 5 టన్నుల బాటిల్ జాకీ ఒకటి, దాంతో పాటు 3 టన్నుల జాకీ స్టాండ్లు ఒక జత తప్పనిసరి. జాకీ బండిని ఎత్తుతుంది, అంతవరకే. లోపలి సీలు ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు కాబట్టి, ఎత్తాక బరువు స్టాండ్ల మీదికి దిగాలి. ఈ వ్యాసంలో ఒక్కటే కొనగలిగే డబ్బులుంటే స్టాండ్లు కొనండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరు దూరబోయినా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి.

ప్రకాశం జిల్లా వాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మన దగ్గర గ్రానైట్ ముక్కలకు కొదవ లేదు. గుమ్మం ముందు మెట్టు దగ్గర్నుంచి బట్టలుతికే బండ దాకా అదే. జాకీ కింద కూడా ఒక ముక్క తోసేద్దాం అనిపిస్తుంది. వద్దు. నేరుగా నొక్కితే రాయి ఎంత బరువైనా ఆపుతుంది గానీ వంపును తట్టుకోలేదు. కింద నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉండి బరువు ఒక మూలకు పడిందంటే, ఏ హెచ్చరికా లేకుండా ఫట్‌మని రెండవుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు కూడా అంతే. చెక్క అయితే ముందు నలుగుతుంది, కిర్రుమంటుంది, మనకు తప్పుకునే టైం ఇస్తుంది. టింబర్ డిపోలో నల్లతుమ్మ చెక్క అడగండి: అడుగు పొడవు, అడుగు వెడల్పు, మూడంగుళాల మందం ఉన్నవి రెండు, చక్రాలకు అడ్డం పెట్టడానికి ఏటవాలుగా కోయించినవి నాలుగు. జామాయిల్ ఇంకా చవకగా వస్తుంది గానీ ఎండితే చీలిపోతుంది.

ఎత్తే వరస ఇది:

1. గట్టి, మట్టమైన నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు దిగ్గొట్టండి. వెనక చక్రాలు రెండూ గాల్లోకి లేస్తే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే. అప్పుడు బండిని ఆపేవి ఆ చెక్కలే.
2. చక్రం విప్పాల్సి ఉంటే బండి నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి.
3. తుమ్మ చెక్క మీద జాకీ పెట్టి, బండి పుస్తకంలో చూపించిన చోటే ఎత్తండి. రేకు మీద, ఆయిల్ చాంబర్ మీద ఎప్పుడూ ఆనించకండి.
4. ఛాసిస్ కిందో, యాక్సిల్ కిందో స్టాండు పెట్టి జాకీని నెమ్మదిగా దించండి. బరువంతా స్టాండు మీదికి రావాలి.
5. కిందికి వెళ్లే ముందు పక్కనుంచి బండిని చేత్తో గట్టిగా ఊపండి. కదిలితే మళ్లీ మొదటికి.
6. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెట్టండి. పైసా ఖర్చు లేని రెండో కాపలా.

పానాలు, సాకెట్లు

8 నుంచి 24 మిల్లీమీటర్ల దాకా కాంబినేషన్ స్పానర్లు ఒక సెట్టు, అర అంగుళం డ్రైవు సాకెట్లు ఒక సెట్టు. మారుతి బండ్లలో ఎక్కువగా 10, 12, 14, 17, 19 తగులుతాయి. మహీంద్రా బండ్లలో 13, 15, 16, 18 కూడా కావాలి. చవక సెట్లలో 15, 16, 18 ఎగ్గొట్టేస్తారు, కొనేముందే లెక్కపెట్టుకోండి. పాత జీపుల్లో అంగుళాల నట్లు కూడా ఉంటాయి. ముప్పావు అంగుళం నట్టుకు 19 పానా సరిపోతుంది. అర అంగుళానికి 13 పెడితే కాస్త వదులుగా ఉన్నా కదిలొస్తుంది. 9/16 దగ్గర మాత్రం ఇబ్బంది, అది 14.3 మిల్లీమీటర్లు. 14 దూరదు, 15 జారుతుంది. ఆ ఒక్క సైజు విడిగా కొనుక్కోవడమే మార్గం.

సాకెట్లలో లోపల ఆరు పలకలున్నవి, పన్నెండు పలకలున్నవి అని రెండు రకాలు. మన తీరంలో కళ్లు మూసుకుని ఆరు పలకలవే తీసుకోండి. తుప్పు పట్టి మూలలు అరిగిన నట్టును పన్నెండు పలకల సాకెట్ పట్టుకోలేదు, చుట్టూ జారి ఉన్న మూలలు కూడా గుండ్రంగా చేసేస్తుంది. తపారియా, ఝలానీ లాంటి మన దేశపు కంపెనీల సామాను నెల్లూరు, ఒంగోలు ఇనప కొట్లలో విడివిడిగా కూడా ఇస్తారు. కొట్టుకు వెళ్లేటప్పుడు 17 నంబరు కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లండి. పానాను దానికి తగిలించి అటూ ఇటూ ఆడించి చూస్తే పనితనం అక్కడికక్కడే తెలుస్తుంది. దాని మీద ఏ పేరు చెక్కి ఉందన్నది తర్వాత సంగతి.

ర్యాచెట్ హ్యాండిల్‌తో బిగుసుకున్న నట్టు విప్పకూడదు, లోపలి పళ్లు ఊడతాయి. దానికి బ్రేకర్ బార్ అనే ఉత్త ఇనప కడ్డీ ఉంటుంది. దానికి రెండడుగుల జీఐ పైపు ముక్క తొడిగితే బలం సరిపోతుంది. పైపు పాత ఇనప సామాను కొట్లో కిలో లెక్కన దొరుకుతుంది.

వీటితో పాటు ఒక కటింగ్ ప్లేయర్, రెండు స్క్రూ డ్రైవర్లు, వైరు బ్రష్, కిలో సుత్తి, అలెన్ కీల సెట్టు. వీటి మీద ఎక్కువ ఆలోచించే పని లేదు.

టార్క్ రెంచ్ కొనే స్తోమత లేనప్పుడు

చక్రం నట్లు కాలితో తొక్కి బిగించడం మన దగ్గర మామూలే. తొక్కే మనిషి 60 కిలోలున్నా 90 కిలోలున్నా అదే పానా, అదే తొక్కుడు. దాంతో స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) సాగుతుంది, లేదంటే తర్వాత దారిలో పంక్చర్ పడినప్పుడు నట్టు రాదు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ మంచిదైతే వేలల్లో ఉంటుంది. దాని బదులు ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా చాలు. రెండు మూడు వందల్లో వస్తుంది, 50 కిలోల దాకా తూస్తుంది.

లెక్క ఇలా. మీ బండి పుస్తకంలో చక్రం నట్టుకు ఎన్ని న్యూటన్ మీటర్లో చూడండి. ఆ అంకెను 9.8తో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ పానా పొడవుతో, మీటర్లలో, భాగించండి. కాటాలో కనిపించాల్సిన కిలోలు అవే. ఉదాహరణకు పుస్తకంలో 100 అని ఉంది, నట్టు మధ్య నుంచి కొక్కెం తగిలించే చోటికి సరిగ్గా అర మీటరు ఉంది అనుకుందాం. 100ని 9.8తో భాగిస్తే 10.2, దాన్ని 0.5తో భాగిస్తే 20.4. అంటే కాటా ఇరవైన్నర కిలోల దగ్గరికి వచ్చినప్పుడు ఆపెయ్యాలి.

బ్రేకర్ బార్ మీద అర మీటరు దగ్గర ఆకురాయితో చిన్న గాటు పెట్టుకుంటే కొక్కెం జారదు, ప్రతిసారీ కొలిచే పని కూడా తప్పుతుంది. లాగేటప్పుడు కాటా బారుకు లంబంగా ఉండాలి, వాలుగా లాగితే లెక్క తప్పుతుంది. కుదుపుగా లాగితే కూడా తప్పే, నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించండి. ఐదు నట్లుంటే ఒకటి వదిలి ఒకటి. స్టడ్డు మరలకు గ్రీజు, ఆయిలు రాయకండి. రాస్తే అదే లాగుడికి స్టడ్డు మీద బరువు ఇంకా ఎక్కువ పడుతుంది. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడండి. ఈ పద్ధతి చక్రం నట్లకు, కమాను యు-బోల్టులకు, అడుగు భాగంలో ఉండే పెద్ద బోల్టులకు సరిపోతుంది. ఇంజన్ హెడ్ లాంటివాటికి వాడేది కాదు.

ఇసుకలోకి వెళ్లేవాళ్లకు గాలి సామాను

గేజి ఒకటి, వాల్వు పిన్ను విప్పే చిన్న పుల్ల ఒకటి, బ్యాటరీకి తగిలించే 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ ఒకటి. పంక్చర్ షాపులో ఆ పుల్ల 50 రూపాయల లోపే. వాల్వు పిన్నులు కూడా అరడజను కొని పెట్టుకోండి, ఇసుకలో జారిపడితే మళ్లీ దొరకదు.

పెన్నా ఇసుకలో గానీ, కొత్తకోడూరు లాంటి మెత్తటి తీరంలో గానీ గాలి 16 నుంచి 18 పీఎస్ఐకి దించితే బండి తేలిగ్గా పోతుంది. 12 కంటే కిందికి దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. అదే గాలితో నేషనల్ హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలొచ్చు కాబట్టి, కంప్రెసర్ లేకుండా గాలి తీయడం మొదలే పెట్టకండి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే చిన్న కంప్రెసర్లు కారుకు సరే గానీ థార్ టైరు నింపేసరికి వేడెక్కిపోతాయి, ఫ్యూజు కూడా పోతుంది. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే రకం తీసుకోండి. రెండు టైర్లు నింపాక కాసేపు చల్లారనివ్వండి. నింపేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచండి.

అన్నట్టు, చలికాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా మన తీరమంతా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే సీజను. ఆ నెలల్లో రాత్రిపూట బీచ్‌లోకి బండి దించకపోవడమే మంచిది.

ఉప్పు కడిగే గొట్టం

సముద్రం దగ్గరకు వెళ్లొచ్చిన బండిని పైపైన తళతళా తుడిచి లోపల పెట్టేస్తాం. ఉప్పు ఉండేదంతా కింద. ఛాసిస్ గొట్టాల లోపల తడి ఇసుక చేరి, బయట పెయింట్ బాగానే ఉన్నా లోపల్నుంచి తినేస్తుంది. సర్వీస్ సెంటర్లో ఒకసారి అడుగు భాగం కడిగించే డబ్బుతో ఇంట్లోనే గొట్టం తయారు చేసుకోవచ్చు.

ముప్పావు అంగుళం పీవీసీ పైపు నాలుగడుగులు తీసుకోండి. ఒక వరసలో, మూడంగుళాలకు ఒకటి చొప్పున, 2 మిల్లీమీటర్ల బెజ్జాలు వేయండి. రెండు చివరలా మూతలు అంటించండి. మధ్యలో కోసి టీ (T ఆకారపు జాయింటు) బిగించి, దానికి ఇంకో నాలుగడుగుల పైపు పిడిలా పెట్టండి. టీని బెజ్జాలు పైకి చూసేలా తిప్పి అంటించాలి. పిడి చివర మోటారు గొట్టం తొడిగే నిపిల్. పాత ట్రాలీ సూట్‌కేసు చక్రాలు రెండు దొరికితే కింద కట్టండి, బండి కిందికి తోసి లాగడం సుఖంగా ఉంటుంది. ఇంటి మోటారు ఒత్తిడికి నీళ్లు బాగానే చిమ్ముతాయి. బెజ్జాలు ఎక్కువ వేస్తే ఒత్తిడి పడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఏ నీళ్లతో కడగాలి. తీరం వెంబడి చాలా ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు పడుతుంది. వాటర్ ప్లాంటు వాళ్ల దగ్గర, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ఉంటుంది, కొన్నా రెండు మూడు వందలే. మీ బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, కాలవ నీళ్లు మూడూ గ్లాసుల్లో పోసి ముంచి చూడండి. తాగే నీటికి 500 దాకా మంచిదని ప్రమాణం. కడగడం దేంతో మొదలుపెట్టినా, చివరి తడుపు 500 లోపున్న నీళ్లతో ఉండాలి. పెన్నా కాలవల నీళ్లు అందే పల్లెల వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లయితే, సెలినిటీ (ఉప్పదనం) చూసే రిఫ్రాక్టోమీటరులో బండి కింద కారిన నీటి చుక్క ఒకటి వేసి చూడండి. అంకె సున్నాకు దిగేదాకా కడగాలని అప్పుడు అర్థమవుతుంది.

ఛాసిస్ అడుగున నీళ్లు కారే బెజ్జాలుంటాయి, వాటిని పాత సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. కడిగాక ఒక ఎండకు ఆరనివ్వండి. పెయింట్ లేచిన చోట వైరు బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్, దాని మీద నల్ల ఎనామిల్ పూయండి. కాలిన ఇంజన్ ఆయిలు పూసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, ఆ జిడ్డుకు ఇసుక ఇంకా అంటుకుంటుంది. చెయ్యొద్దు.

ఇంతా చేసినా తీరపు బండిలో బిగుసుకుపోయిన నట్లు తప్పవు. ముందు వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున సుత్తితో నట్టు తల మీద నాలుగు దెబ్బలు వేసి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, అప్పుడు విప్పే వైపు లాగండి. తుప్పు కట్టు తెగేది ఆ మొదటి ఎదురు కదలికతోనే. మంట పెట్టడం ఆఖరి మార్గం, అదీ డీజిల్ ట్యాంకుకు, బ్రేకు గొట్టాలకు, రబ్బరుకు దూరంగా ఉన్నప్పుడే.

గ్రీజు

ట్రాక్టరున్న ప్రతి ఇంట్లోనూ గ్రీజు గన్ ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. కొన్నా వెయ్యి లోపే. మల్టీపర్పస్ లిథియం గ్రీజు కిలో డబ్బా చాలాకాలం వస్తుంది. బండి కింద ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల మీద, పాత జీపుల్లో కమాను షాకిళ్ల మీద, స్టీరింగ్ రాడ్ల చివర నిపిళ్లు ఉంటాయి. కొత్త బండ్లలో కొన్ని జాయింట్లు సీల్ చేసే వస్తాయి, నిపిల్ లేకపోతే వెతుక్కోకండి.

ముందు నిపిల్‌ను గుడ్డతో తుడవాలి. చాలామంది చెయ్యనిది ఇదే. తుడవకుండా గన్ పెడితే నిపిల్ మీదున్న ఇసుక గ్రీజుతో కలిసి నేరుగా బేరింగులోకి పోతుంది. తర్వాత గన్ మూతిని నిటారుగా నొక్కి, నాలుగు కప్పుల దగ్గర్నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. మూడు కప్పుల్లోంచి వచ్చి ఒకదాంట్లోంచి రాకపోతే బండిని అరచక్రం ముందుకు తోసి, షాఫ్ట్‌ను చేత్తో కుదిపి మళ్లీ కొట్టండి. గన్ నొక్కుతున్నా గ్రీజు రాకపోతే లోపల గాలి చేరినట్టు. గన్ తల రెండు చుట్లు వదులు చేసి నాలుగుసార్లు నొక్కి మళ్లీ బిగిస్తే సరి.

కొట్టే ముందు కప్పుల అంచులు టార్చి వేసి చూడండి. చుట్టూ కుంకుమలా ఎర్రటి పొడి రాలి ఉంటే లోపల గ్రీజు ఎప్పుడో అయిపోయి సూది బేరింగులు అరుగుతున్నట్టు. దానికి గ్రీజు కొట్టి లాభం లేదు, క్రాసు మార్చాలి. బండి కదిలేటప్పుడు 'టక్' మని చప్పుడు రావడం దాని తర్వాత దశ.

హౌసింగ్ ఆయిలు, దాని ఊపిరి గొట్టం

వాగు దాటిన బండికి మొదట చూడాల్సింది ఇంజన్ ఆయిలు కాదంటే చాలామంది నమ్మరు. దారి పొడుగునా నడిచి డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా) బాగా వేడెక్కి ఉంటుంది. అలాగే గుండ్లకమ్మలోకో, మన్నేరులోకో దిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నిండడానికి పైన ఊపిరి వాల్వు ఒకటి ఉంటుంది గానీ అది మట్టితో పూడిపోయి ఉంటే, లేదా నీళ్లలోనే మునిగి ఉంటే, హౌసింగ్ నీళ్లనే లోపలికి పీల్చుకుంటుంది, ఆయిలు సీళ్ల పక్కనుంచైనా సరే.

మందు చాలా చవక. ఆ వాల్వు దగ్గర్నుంచి 8 మిల్లీమీటర్ల డీజిల్ గొట్టం తొడిగి, క్లిప్పు బిగించి, ఛాసిస్ వెంబడి టైలతో కట్టుకుంటూ వెనక లైటు వెనక్కో, ఇంజన్ గదిలోకో పైకి తీసుకెళ్లండి. చివర మోటార్ సైకిల్ పెట్రోలు ఫిల్టరు ఒకటి పెడితే దుమ్ము పోదు. యాక్సిల్ కిందికీ పైకీ ఆడుతుంది కాబట్టి గొట్టం కొంచెం వదులుగా ఉంచాలి. కంపెనీయే పైదాకా గొట్టం పెట్టిన బండ్లూ ఉన్నాయి, ముందు చూసుకోండి.

ఆయిలు చూసే పద్ధతి:

1. మట్టమైన చోట బండి ఆపి, చల్లారాక, ముందు పై మరను, అంటే ఆయిలు నింపేదాన్ని, విప్పండి. కిందిది ముందు విప్పేసి ఆయిలంతా కారిపోయాక పైది బిగుసుకుని రాకపోతే బండి ఉన్న చోటే ఉండిపోతుంది.
2. చిటికెన వేలు వంచి లోపలికి పెట్టండి. ఆయిలు బెజ్జం అంచు దాకా తగలాలి.
3. వేలికంటింది తెల్లగా పాలిపోయి నురగగా ఉంటే నీళ్లు చేరినట్టే. అదే రోజు మార్చాలి. ఆ స్థితిలో నాలుగు రోజులు తిరిగినా బేరింగులకు తుప్పు పడుతుంది.
4. మార్చేటప్పుడు ఐదు లీటర్ల పాత ఆయిల్ క్యాన్ పక్క కోసి కింద పెడితే అదే పళ్లెం. కింది మరకు అయస్కాంతం ఉంటే దానికంటిన మెత్తటి బూడిద సహజం. పలుకులు, పంటి ముక్కలు కనిపిస్తే మెకానిక్ దగ్గరికి పదండి.
5. కొత్త ఆయిలు నింపడానికి పంపు కొనక్కర్లేదు. రెండు గజాల ప్లాస్టిక్ గొట్టానికి గరాటు తగిలించి, పైనుంచి ఒకరు పోస్తుంటే కింద ఒకరు గొట్టం పట్టుకుంటే చాలు. చిక్కటి ఆయిలు కాబట్టి సీసాను ముందు ఎండలో పెట్టి వేడెక్కనివ్వండి. బెజ్జంలోంచి వెనక్కి కారడం మొదలైతే నిండినట్టు.

చాలా బండ్లకు 80డబ్ల్యూ-90, జీఎల్-5 గ్రేడు. లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్నవాటికి వేరే రకం కావాల్సి రావచ్చు, పుస్తకం చూడకుండా పోయకండి. తీసిన ఆయిలు కాలవలోకో గట్టు మీదకో పారబోయకుండా క్యాన్‌లో పట్టి ఇవ్వండి, పాత ఆయిలు కొనేవాళ్లు మెకానిక్ షాపులకు వస్తూనే ఉంటారు.

దుమ్ము, రేడియేటర్

క్వారీల వైపు తిరిగితే ఎయిర్ ఫిల్టరు కంపెనీ చెప్పినదానికి సగం దూరానికే చూడాలి. కాగితం ఫిల్టరును నేలకేసి కొట్టొద్దు. చేత్తో తట్టి, లోపల్నుంచి బయటికి, దూరం నుంచి, తక్కువ గాలితో ఊదండి. టార్చి లోపల పెట్టి చూస్తే ఎక్కడైనా చుక్క వెలుతురు నేరుగా కనిపిస్తే చిరిగినట్టు, మార్చేయండి. పాత జీపుల్లో ఆయిల్ గిన్నె ఫిల్టరయితే డీజిల్‌తో కడిగి గుర్తు దాకా కొత్త ఆయిలు పోయడమే.

రేడియేటర్లో బోరు నీళ్లు పొయ్యకండి. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నీళ్లు ఎంత గట్టివో బిందెల అడుగున కట్టిన తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. అదే పొర రేడియేటర్ గొట్టాల్లో కడితే రోహిణి కార్తెలో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటరు, అంతే. దారిలో గతిలేక పోయాల్సొస్తే ఆర్ఓ క్యాన్ నీళ్లు పోసి, ఇంటికొచ్చాక తీసేయండి. వేడి మీద మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు.

మల్టీమీటరు

మూడు వందల లోపు దొరికే పసుపు డబ్బా మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అయితే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే ఛార్జింగ్ పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే సాధారణంగా డైనమో బాగున్నట్టే. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

ఉప్పుగాలిలో ఎక్కువగా దెబ్బతినేది ఎర్త్, అంటే బ్యాటరీ నెగిటివ్‌ను బాడీకి, ఇంజన్‌కు కలిపే పట్టీ. లైటు మసకగా వెలిగినా, స్టార్టరు మూలిగినా కొత్త బ్యాటరీ కొనేముందు ఈ పని చేయండి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒక పుల్ల బ్యాటరీ నెగిటివ్ కొన మీద, ఇంకోటి బాడీ మీద పెయింట్ లేని చోట పెట్టి, హెడ్‌లైట్లు వేసి ఉంచండి. స్టార్టరు మూలుగుతుంటే రెండో పుల్లను ఇంజన్ మీద పెట్టి, స్టార్టు చేస్తుండగా చూడండి. 0.2 కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పట్టీ దగ్గర చిలుము పట్టినట్టు. పట్టీ విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజిలిన్ పూస్తే సగం కరెంటు జబ్బులు పోతాయి. ఎర్ర వైరును 10 ఆంపియర్ల బెజ్జంలో ఉంచి వోల్టేజీ మాత్రం చూడకండి, నేరుగా షార్టే. బ్యాటరీ కొనల మీద తెల్లటి పూత ఉంటే నెగిటివ్ ముందు విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోయండి.

బీఎస్-4, బీఎస్-6 బండ్లకు బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ కూడా పనికొస్తుంది. ఇంజన్ లైటు వెలిగితే ఏ కోడో ఫోన్‌లో చూసుకుని షాపుకు వెళ్లొచ్చు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఆ కోడు చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

చెయ్యకూడనివి

కామన్ రైల్ డీజిల్ ఇంజన్లో ఇంజెక్టర్ గొట్టాలు విప్పొద్దు. అందులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్లు ముట్టుకోవద్దు. బ్రేకు ప్యాడ్లు ఎంత ఉన్నాయో చూడటం, ఆయిలు మట్టం చూడటం మన పని. బ్రేకు గొట్టం విప్పి గాలి తీయడం మాత్రం పక్కన తెలిసిన మనిషి నిలబడితేనే.

ఎక్కడ కొనాలి, ఎలా దాచాలి

పానాలు, సాకెట్లు, స్టాండ్లు ఊళ్లోని ఇనప కొట్లో చేత్తో పట్టి చూసి కొనండి. మల్టీమీటరు, కాటా, ఓబీడీ ఆన్‌లైన్‌లో. పాత జీపు సామాను కోసం నెల్లూరు ఆటోనగర్ చూడండి, అక్కడ దొరక్కపోతే చెన్నై పుదుపేట. పాత పానాలు కొనొచ్చు. పాత జాకీ, పాత స్టాండ్లు కొనొద్దు, వాటి చరిత్ర ఎవరికీ తెలియదు.

సముద్రపు గాలి పానాలనూ వదలదు. రేకు పెట్టెలో ఆయిలు తడిపిన గుడ్డ పరిచి, వాడాక ప్రతిదాన్నీ తుడిచి అందులో పెట్టండి. మూత లోపల సామాను జాబితా అంటించుకుని, మూసేముందు లెక్క సరిచూసుకోండి. 10 నంబరు సాకెట్ ఒకటి తగ్గిందంటే ఇంజన్ మీదో, బ్యాటరీ పక్కనో ఉండిపోయి ఉంటుంది. తాళం తిప్పేలోగా దాన్ని వెతికి పట్టుకోండి.